తొట్టి, నీళ్లు, జాగ: పాత ట్రాక్టర్ టైరు వెనక ఉన్న చరిత్ర



ఎండాకాలం వచ్చిందంటే మన గూడేల్లో, తండాల్లో మనుషుల తాగునీటి గురించి అయినా ఎవరో ఒకరు అడుగుతారు. ట్యాంకర్ పంపుతాం అంటారు, బోరు వేస్తాం అంటారు. గొడ్ల నీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. వాగు ఎండిపోతే ఇసుకలో చెలిమె తోడుకుని మనం తాగుతాం. అదే చెలిమెలో ఎద్దు కాలు పెట్టిందంటే ఆ రోజుకు ఆ నీళ్లు ఎవరికీ పనికిరావు. కాబట్టి గొడ్లకు, జీవాలకు వేరే తొట్టి ఉండాల్సిందే. సిమెంటు తొట్టి కట్టాలంటే ఇటుక, ఇసుక, మేస్త్రీ, పైగా ఎస్టిమేటు, బిల్లు, సంతకం. ఇవన్నీ అయ్యేసరికి వానాకాలం వస్తుంది.

అందుకే ప్రపంచంలో చాలాచోట్ల పశువులు పెంచేవాళ్లు ఒక సులువు దారి పట్టారు. అరిగిపోయిన ట్రాక్టర్ టైరును నేల మీద పడుకోబెట్టి, పైపక్క కోసేసి, అడుగున కాంక్రీటు పోసి నీళ్ల తొట్టి చేసుకుంటున్నారు. ఈ పోస్టు ఆ టైరు తొట్టి గురించే. ఎట్లా చేయాలో కూడా చివర్లో రాశాం. కానీ అంతకుముందు దాని చరిత్ర తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో మనలాంటి వాళ్ల చరిత్ర చాలా ఉంది.

పశువు నీళ్లు తాగాలంటే మూడు కావాలి. ఒకటి, నీళ్లు పట్టే తొట్టి. రెండు, అందులో పోయడానికి నీళ్లు. మూడు, ఆ తొట్టి పెట్టుకోవడానికి జాగ. పాత టైరు ఈ మూడింటిలో మొదటిది మాత్రమే ఇస్తుంది. మిగతా రెండింటి కోసం ఆదివాసులు, గిరిజనులు దేశదేశాల్లో కోర్టుకెక్కారు, జైలుకెళ్లారు, ప్రాణాలిచ్చారు. ఇంకా చెప్పాలంటే ఆ మొదటిది కూడా ఊరికే రాలేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. తొట్టి

మన పెద్దలు తొట్టికి ఎన్నడూ వెతుక్కోలేదు. పెద్ద చెట్టు మొద్దును తొలిస్తే దోనె అయ్యింది. బండను తొలిస్తే రాతి తొట్టి అయ్యింది. ఇంటి ముందర కుడితి గోళెం ఉండేది. ఇవన్నీ చుట్టుపక్కల దొరికినవాటితో చేసుకున్నవే. ఈ కాలంలో మన చుట్టుపక్కల దొరికేది అరిగిన టైరు. కాబట్టి టైరు తొట్టి మన పెద్దల పద్ధతికి దూరమైనదేం కాదు, వస్తువు మారింది అంతే.

అయితే ఆ రబ్బరు ఎవరిది?

బడిలో మనకు రబ్బరు అంటే చార్లెస్ గుడ్ఇయర్ అని చెప్పారు. 1839లో ఆయన రబ్బరును గంధకంతో వేడిచేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు, 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఇది నిజమే. కానీ అంతకు మూడువేల ఏళ్ల ముందే మెక్సికో ప్రాంతపు మూలవాసులు రబ్బరు చెట్టు పాలు తీసి, ఒక రకం తీగ రసం కలిపి, సాగే గుణం, గట్టిదనం ఉండేలా తయారుచేశారు. అక్కడ ఎల్ మనాటీ అనే చోట బురదలో దొరికిన రబ్బరు బంతులు సుమారు 3,600 ఏళ్ల నాటివి. అమెజాన్ అడవుల మూలవాసులు రబ్బరు పాలతో తడవని బూట్లు, నీళ్లు పట్టే సీసాలు చేసుకునేవాళ్లు. లా కొండమీన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1736లో రబ్బరు నమూనాలను పారిస్‌కు పంపిన తర్వాతే యూరప్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టించుకున్నారు. అంటే రబ్బరులో నీళ్లు పట్టి ఉంచడం అనే ఆలోచన ఏ కంపెనీదీ కాదు. అది అడవి మనుషుల తెలివి.

తర్వాత జరిగింది మనకు బాగా తెలిసిన కథే. తెలివి వాళ్లది, లాభం వేరేవాళ్లది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు అమెజాన్ నుంచి సుమారు 70,000 రబ్బరు విత్తనాలను లండన్‌లోని క్యూ తోటకు తరలించాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోన్‌కు, సింగపూర్‌కు వెళ్లాయి. ఆసియాలోని రబ్బరు తోటల్లో చాలా భాగం ఆ విత్తనాల సంతతే. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. సైకిళ్లు, ఆ తర్వాత మోటారు బండ్లు వచ్చాయి. రబ్బరు కోసం ప్రపంచం వెర్రెత్తిపోయింది. తోటల్లో చెట్లు ఇంకా పాలకు రాలేదు. అప్పటిదాకా అడవి చెట్ల నుంచే తీయాలి. అడవిలో ఉన్నది మూలవాసులు.

ఆఫ్రికాలోని కాంగోను బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా తన సొంత ఆస్తిలాగా ఏలాడు. ఊరికి ఇంత రబ్బరు తేవాలని లెక్క కట్టేవాళ్లు. తేకపోతే ఆడవాళ్లను బందీలుగా పట్టుకునేవాళ్లు, మనుషుల చేతులు నరికేవాళ్లు. అమెజాన్‌లోని పుటుమాయో నది ప్రాంతంలో హుయిటోటో, బోరా లాంటి తెగల మీద హూలియో సెసర్ అరానా కంపెనీ ఇట్లాంటి ఘోరాలే చేసింది. ఆ కంపెనీ లండన్‌లో రిజిస్టర్ అయిన కంపెనీ. రోజర్ కేస్‌మెంట్ అనే బ్రిటిష్ అధికారి 1910లో అక్కడికి వెళ్లి విచారించాడు. ఆయన నివేదిక 1912లో బయటకు వచ్చింది. తూకం తక్కువ వస్తే కొరడా దెబ్బలు, బొండకొయ్య, ఆకలి చావులు అన్నీ అందులో ఉన్నాయి. సరిగ్గా నూరేళ్లకు, 2012లో, కొలంబియా అధ్యక్షుడు సాంటోస్ ఆ తెగలను క్షమాపణ అడిగాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, రోడ్డు పక్కన పడి ఉన్న పాత టైరును మనం చెత్త అనుకుంటాం. దాని మొదలు వెతుక్కుంటూ పోతే ఏదో ఒక అడవి తెగ దగ్గరికి చేరతాం.

ఇక ట్రాక్టరు సంగతి. మొదట్లో ట్రాక్టర్లకు రబ్బరు టైర్లు లేవు. ఇనుప చక్రాలు, వాటికి ఇనుప పళ్లు. పొలంలో పట్టు దొరికేది కానీ రోడ్డెక్కితే రోడ్డు పాడయ్యేది, నడిపేవాడి నడుం విరిగేది. 1932లో అమెరికాలో అలిస్ చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్‌తో కలిసి గాలి టైర్లున్న ట్రాక్టరును అమ్మకానికి తెచ్చింది. పదేళ్లు తిరక్కుండానే అక్కడ కొత్త ట్రాక్టర్లలో ఎక్కువ భాగం రబ్బరు టైర్లతో వచ్చాయి. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఐషర్ కంపెనీతో మొదలైంది. హరిత విప్లవం తర్వాత ఊరూరికీ ట్రాక్టర్ వచ్చింది. దాంతోపాటే ఊరూరికీ అరిగిన టైర్లు వచ్చాయి.

టైరు గట్టిదనమే దాని జబ్బు కూడా. మట్టిలో కలవదు, కుళ్లదు. కాలిస్తే విషపు పొగ. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 1983లో సుమారు 70 లక్షల పాత టైర్ల గుట్టకు నిప్పంటుకుంటే నెలల తరబడి కాలింది. ఈ మొండి వస్తువును ఏం చేయాలో అందరూ తల పట్టుకుంటుంటే, అక్కడి పశువుల పెంపకందారులు మాత్రం దానికి ఒక పని చూపించారు. మోంటానా, వయోమింగ్, డకోటా మైదానాల్లో వాళ్లు మొదట కర్ర తొట్లు, తర్వాత రేకు తొట్లు వాడేవాళ్లు. రేకు తుప్పు పడుతుంది, ఎద్దు కుమ్మితే వంగిపోతుంది, చలికాలం నీళ్లు గడ్డకడితే పగులుతుంది. టైరుకు ఈ బాధలు తక్కువ. నల్లగా ఉంటుంది కాబట్టి ఎండ వేడిని పట్టుకుంటుంది, నీళ్లు ఆలస్యంగా గడ్డకడతాయి. ట్రాక్టర్ టైరే కాకుండా, బొగ్గు గనుల్లో తిరిగే పెద్ద డంపర్ల టైర్లను కూడా అక్కడ తొట్లుగా వాడతారు. ఒక్కొక్కటి కొన్ని వేల లీటర్ల నీళ్లు పడుతుంది.

కొత్తగూడెం, ఇల్లందు, మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన పక్కనే ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి, వాటిలో డంపర్లు తిరుగుతున్నాయి. దీని గురించి కింద మళ్లీ మాట్లాడదాం.

2. నీళ్లు

తొట్టి దొరికింది. అందులో నీళ్లెవరు పోస్తారు?

ఇప్పుడు చెప్పుకున్న ఆ మోంటానా మైదానాల్లోనే ఈ ప్రశ్న ఒకసారి పెద్ద కోర్టు దాకా పోయింది. అది మనందరం తెలుసుకోవాల్సిన కేసు.

అక్కడి మూలవాసులు అడవి దున్నల మీద ఆధారపడి బతికేవాళ్లు. 1880ల నాటికి తెల్లవాళ్లు ఆ దున్నల మందల్ని దాదాపు తుడిచిపెట్టేశారు. తినడానికి తిండి లేక తెగలు ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. 1888 ఒప్పందంతో గ్రో వాంట్, అసినిబోయిన్ తెగలకు ఫోర్ట్ బెల్‌నాప్ అనే రిజర్వేషన్ మిగిలింది. రిజర్వేషన్ అంటే అక్కడ ఉద్యోగాల కోటా కాదు, తెగకు వదిలిన భూమి. వేట మానేసి పశువులు మేపుకోండి, వ్యవసాయం చేసుకోండి అన్నారు. ఆ భూమి అంచున మిల్క్ నది. సరే అని వీళ్లు పశువులు పెట్టుకున్నారు, కాలువ తవ్వుకున్నారు. ఇంతలో నదికి ఎగువన వలసదారులు దిగి, ఆనకట్టలు వేసి నీళ్లు మళ్లించుకున్నారు. 1905లో కరువొచ్చింది. కిందికి నీళ్లు రాలేదు.

పశువులు పెంచుకోండి అని చెప్పి పశువుకు నీళ్లు లేకుండా చేయడం అంటే ఇదే.

తెగల తరఫున అమెరికా ప్రభుత్వమే కేసు వేసింది. వలసదారుల వాదన ఏమంటే, ఒప్పందంలో భూమి అని ఉంది, నీళ్లు అని ఎక్కడా లేదు కదా, ముందు మేం వాడుకున్నాం కాబట్టి మాదే అని. 1908 జనవరిలో సుప్రీంకోర్టు తెగల వైపు తీర్పు ఇచ్చింది. దాన్నే వింటర్స్ తీర్పు అంటారు. సారాంశం ఇది: ఒక తెగ బతకడానికి భూమి కేటాయించారంటే, ఆ భూమి పనికొచ్చేందుకు కావాల్సిన నీళ్లు కూడా కేటాయించినట్టే, కాగితం మీద విడిగా రాయకపోయినా సరే. నీళ్లు లేని భూమి ఇచ్చి బతకమనడం అర్థం లేని మాట అని కోర్టు ఒప్పుకుంది.

ఇంత మంచి తీర్పు వచ్చింది కదా, ఇక సమస్య తీరిపోయిందా అంటే లేదు. అదే దేశంలో నవాహో తెగ సంగతి చూడండి. వాళ్లు తమను దినే అని పిలుచుకుంటారు. గొర్రెలు, మేకలు వాళ్ల ప్రాణం. 1930లలో, గడ్డి మిగలడం లేదు, మన్ను కొట్టుకుపోతోంది అని చెప్పి ప్రభుత్వం వాళ్ల మందల్ని బలవంతంగా తగ్గించింది. ఎంతో పశుసంపద వాళ్ల కళ్ల ముందే పోయింది. ఆ గాయం ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ల మాటల్లో ఉంటుంది. 1944 నుంచి 1986 దాకా వాళ్ల నేలలో యురేనియం తవ్వారు. ఆ తర్వాత 500కు పైగా గనుల్ని అట్లాగే వదిలేసి వెళ్లిపోయారు. పశువుల కోసం వేసిన బావుల్లో కొన్నింటిలో యురేనియం, ఆర్సెనిక్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తేలాయి. ఇంట్లో కుళాయి లేక, అవే బావుల నుంచి నీళ్లు మోసుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. గొర్రె తాగే తొట్టి, మనిషి తాగే బిందె ఒక్కటే అయినచోట నీళ్లలో విషం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

మా నీటి అవసరం ఎంతో లెక్కించండి, అది తీర్చే ఏర్పాటు చేయండి అని నవాహోలు కోర్టుకు వెళ్లారు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు చీలి తీర్పు చెప్పింది. నీళ్ల మీద హక్కు ఉండొచ్చు, కానీ 1868 ఒప్పందం ప్రకారం ఆ నీళ్లు తెచ్చిపెట్టే బాధ్యత ప్రభుత్వానికి లేదు అన్నది ఆ తీర్పు.

1908 తీర్పును, 2023 తీర్పును పక్కపక్కన పెట్టి చూడండి. హక్కు ఉండటం వేరు, తొట్టిలో నీళ్లు ఉండటం వేరు. మన దగ్గర కూడా కాగితం మీద ఉన్న బోర్లు, కాగితం మీద పారే పైపులు ఎన్ని చూడలేదు?

3. జాగ

ఇక మూడోది మన సొంత కథ. తొట్టి ఉంది, నీళ్లున్నాయి, ఎక్కడ పెట్టాలి? పశువు మేసే చోట నీళ్లుండాలి. మన పశువులు మేసేది ఎక్కువగా అడవిలో, అడవి అంచున. అక్కడే గొడవ.

ముందు లంబాడీల లదేణి కాలం నుంచి మొదలుపెడదాం. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. మొగలుల సైన్యాలకు, ఆ తర్వాత ఇంగ్లీషు సైన్యాలకు తిండిగింజలు మోసింది ఈ ఎద్దులే. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియర్ పది, పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. మనం ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ఎద్దు రోజుకు 40 లీటర్లు తాగినా, పదివేల ఎద్దులకు 4 లక్షల లీటర్లు కావాలి. అంటే ఏ దారిన పోవాలో, ఎక్కడ దిగాలో తేల్చేది నీళ్లే. ఎక్కడ చెరువుంది, ఏ వాగు ఎన్నాళ్లు పారుతుంది, ఎక్కడ గడ్డి దొరుకుతుంది అన్నీ తండా నాయకుడి తలలో ఉండాలి. ఆ రోజుల్లో పశువు నీళ్ల దగ్గరికి పోయేది, దారికి అడ్డం లేదు.

1853లో రైలు వచ్చింది. రైలుమార్గం పెరిగిన కొద్దీ ఎద్దుల వ్యాపారం కూలింది. ఆ తర్వాత 1871. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఒక్క ఏడాదిలో రెండు చట్టాలు చేసింది. ఒకటి పశువుల అతిక్రమణ చట్టం. ఇది బందెలదొడ్డి చట్టం, గొడ్డు హద్దు దాటితే పట్టి కట్టేయడం, జరిమానా కడితేనే వదలడం. రెండోది క్రిమినల్ తెగల చట్టం. తిరిగే మనుషుల్ని పుట్టుకతోనే నేరస్తులు అన్నారు. ఇది మొదట ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకలు, కొన్నిచోట్ల లంబాడీలు, సుగాలీలు దాని కింద నలిగారు. 1952లో గానీ అది రద్దు కాలేదు. తిరిగే గొడ్డుకు ఒక దొడ్డి, తిరిగే మనిషికి ఒక రిజిస్టరు, రెండూ ఒకే ఏడాది. చిత్రం ఏమిటంటే, ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ శాఖ విలియం కింగ్ తేల్చింది కూడా ఆ 1871లోనే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయ్యింది. నిన్నటిదాకా మేసిన చోట మేపాలంటే పుల్లరి కట్టాలి. పుల్లరి అంటే గడ్డి మీద పన్ను. 1921-22లో పల్నాడులో రైతులు, చెంచులు పుల్లరి కట్టం అని నిలబడ్డారు. దానికి ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతును 1922లో పోలీసులు కాల్చి చంపారు. తూటాలు తగిలి పడిపోయి దాహం అని సైగ చేసినా గుక్కెడు నీళ్లు ఇవ్వనివ్వలేదని పల్నాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. గొడ్డు మేత కోసం నిలబడ్డ మనిషి దాహంతో పోయాడు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు లేచారు. అక్కడ కూడా అడవిలో పోడు మీద, మేత మీద పెట్టిన ఆంక్షలే మంటకు ఒక పెద్ద కారణం.

నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ అడవుల్లోనూ ఇదే జరిగింది. రిజర్వు హద్దులు గూడేల మీదికి జరిగాయి, పశువుల మేతకు పన్ను వసూలు చేశారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము ప్రాణం ఇచ్చాడు. జల్, జంగల్, జమీన్ అనే మాటను మనం గోడల మీద రాసుకుంటాం. అందులో జల్ మొదట ఉంది. ఆ జల్ మన ఒక్కరిదే కాదు, మన ఎడ్లది, మేకలది కూడా.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అందులో సెక్షన్ 3(1)(డి) సామూహిక హక్కుల గురించి చెబుతుంది. ఒకచోట ఉండి మేపినా, తిరుగుతూ మేపినా పశువుల మేత హక్కు, నీటి వనరుల ఫలాల మీద హక్కు అందులో ఉన్నాయి. దీనికి ఫారం 'బి' నింపి గ్రామసభకు ఇవ్వాలి. మనలో చాలామంది 'ఎ' ఫారం గురించే పరుగెత్తారు, అది సొంత పట్టా కోసం. మందకు పట్టా 'బి' ఫారంలో ఉంది. ఇంకా సెక్షన్ 3(2) ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే చెరువులు, చిన్న నీటి వనరులు, తాగునీటి పైపులైన్లు, వాన నీటి నిల్వ కట్టడాలు లాంటి పనులకు ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీల చేతికి ఇవ్వాలంది.

టైరు తొట్టికి ఒక్క చెట్టు కూడా కొట్టక్కర్లేదు. అయినా ఊళ్లో నలుగురు కలిసి పెట్టుకున్న తొట్టిని ఎవరైనా వచ్చి తీసేయమంటే, చేతిలో గ్రామసభ తీర్మానం ఉండటం, లేకపోవడం అనే తేడా చాలా పెద్దది.

4. టైరు తొట్టి ఎట్లా చేయాలి

ఇప్పుడు పని మాట.

ఏ టైరు: ట్రాక్టర్ వెనక టైరు తీసుకోండి. నైలాన్ దారాల టైరు అయితే కోయడం సులువు. ఇనుప తీగలు అల్లిన రేడియల్ టైరు మామూలు కత్తికి లొంగదు. పురుగుమందు, ఆయిల్ అంటిన టైరు వద్దు. పగుళ్లు లోపలిదాకా దిగినది వద్దు.

ఎన్ని నీళ్లు పడతాయి: లోపలి వెడల్పు 1.2 మీటర్లు, నీళ్ల లోతు 20 సెంటీమీటర్లు అనుకుంటే 0.6 × 0.6 × 3.14 × 0.2 = 0.226 ఘనపు మీటర్లు. అంటే సుమారు 225 లీటర్లు. వేసవిలో ఎద్దు, బర్రె రోజుకు సుమారు 40 నుంచి 60 లీటర్లు తాగుతాయి. మేకకు 5 లీటర్లు లెక్క వేసుకోండి. ఒకసారి నింపితే నాలుగైదు గొడ్లకు, లేదా నలభై మేకలకు సరిపోతుంది. మంద పెద్దదైతే రెండు మూడు టైర్లు పెట్టాలి, లేదా రోజుకు రెండు మూడుసార్లు నింపాలి. ముందు టైరు చిన్నది, దూడలకు, మేకపిల్లలకు బాగుంటుంది.

కోయడం: టైరును పడుకోబెట్టి, పైపక్క గోడ మీద సుద్దతో గుండ్రంగా గీత గీయండి. మట్టిని పట్టే మందం భాగానికి కొంచెం లోపలిగా గీత ఉండాలి. పదునైన కత్తికి సబ్బు నీళ్లు రాస్తూ కోయండి, పొడిగా కోస్తే కత్తి పట్టేస్తుంది. రిమ్ముకు ఆనుకునే అంచులో గట్టి ఇనుప తీగల కట్ట ఉంటుంది, దాని జోలికి పోకుండా బయటి నుంచి కోస్తే అది ముక్కతో పాటే వచ్చేస్తుంది. కోసిన అంచున వేలాడే దారాలు కత్తిరించండి, గొడ్లు నమిలి మింగుతాయి.

జాగ: ఎత్తుగా, సమంగా ఉండాలి. బోరుకు, చెలిమెకు దూరంగా ఉండాలి, లేకపోతే పేడ నీళ్లు అందులోకి దిగుతాయి. నీడ ఉంటే మంచిది, నల్ల టైరు మన ఎండకు నీళ్లను వేడెక్కిస్తుంది. చలిదేశంలో మేలు చేసిన గుణం మన దగ్గర కీడు చేస్తుంది.

అడుగు: నేలను దిమ్మిస కొట్టి, ప్లాస్టిక్ పట్టా పరిచి, టైరు పెట్టండి. కిందిపక్క లోపలి భాగాన్ని గీకి గరుకు చేయండి, కాంక్రీటు పట్టుకుంటుంది. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు కలిపి, మధ్య రంధ్రం, కింది అంచు మునిగేలా పది సెంటీమీటర్ల మందం పోయండి. ఒక బస్తా సిమెంటు సరిపోతుంది. నీళ్లు వదిలే పైపు పెట్టాలనుకుంటే కాంక్రీటు పోయకముందే పెట్టాలి. వారం రోజులు తడపండి. మొదటి రెండుసార్లు నింపిన నీళ్లు పారబోయండి, సిమెంటు ఘాటు పోతుంది. బయట చుట్టూ బంకమన్ను కొట్టి, పైన రాళ్లు పరిస్తే బురద కాదు, గిట్టలు చెడవు.

పైపు నీళ్లుంటే బంతి వాల్వు పెట్టుకోవచ్చు. నీళ్లు తగ్గితే అదే తెరుచుకుంటుంది, నిండితే మూసుకుంటుంది. దాని మీద ఏదైనా గట్టి మూత పెట్టాలి, లేకపోతే ఎద్దు ఒక్క రోజులో పీకేస్తుంది. లోపల ఒక పక్కన రాళ్లు మెట్లలాగా పేర్చండి. పడిపోయిన పిట్ట, తొండ, కోడిపిల్ల ఎక్కి బయటికి వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, రుద్ది కడిగి, ఎండనివ్వాలి. దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. నీళ్లు నిలిచిన పాత టైరు డెంగీ దోమకు పుట్టిల్లు. కడగని టైరు తొట్టి గొడ్డుకు నీళ్లిచ్చి మనిషికి జ్వరం ఇస్తుంది. మన ఏజెన్సీలో జ్వరాల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. కడిగే వంతు ఎవరిదో ముందే అనుకున్నాకే తొట్టి పెట్టండి. ఆ నీళ్లు మనుషులు తాగొద్దు. మిగిలిన ముక్కల్ని కాల్చొద్దు.

5. చివరి మాట

టైరు తొట్టి చేసుకోవడం చిన్నతనం కాదు. కానీ దాన్ని చూపించి, మీకు మీరే చేసుకున్నారు కదా, ఇక మేమెందుకు అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఉపాధి హామీ పనుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల నీటి తొట్లు కట్టారు. మన గూడేనికి, తండాకు ఎందుకు రాలేదని అడిగే హక్కు టైరు తొట్టి పెట్టుకున్నాక కూడా మనకు ఉంటుంది. గనుల పక్క ఊళ్లవాళ్లు ఇంకో అడుగు వేయొచ్చు. డంపర్ల పాత టైర్లను పశువుల తొట్లకు ఇవ్వగలరా అని గ్రామసభ తరఫున రాతపూర్వకంగా అడగొచ్చు. పాత టైర్ల విషయంలో 2022 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, కాబట్టి జవాబు ఏదైనా కాగితం మీదే తీసుకోండి. మన నేల కింది బొగ్గు మోసిన టైరు మన గొడ్డుకు నీళ్లు మోస్తే తప్పేముంది?

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ తాతనో, మీ నానమ్మనో కూర్చోబెట్టి, మన గొడ్లు ఒకప్పుడు ఎక్కడెక్కడ నీళ్లు తాగేవి అని అడగండి. ఆ వాగుల పేర్లు, కుంటల పేర్లు, మడుగుల పేర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు వాటిలో ఎన్ని కంచె లోపల ఉన్నాయి, ఎన్ని పూడిపోయాయి, ఎన్ని ఎండిపోయాయి అని పక్కన రాయండి. ఫారం 'బి'కి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఆ పుస్తకం రేపు గ్రామసభలో పనికొస్తుంది.

తొట్టి మనం చేసుకుందాం. నీళ్లు, జాగ మాత్రం అడిగి తీసుకుందాం.